లెక్కకు వచ్చిన ఇళ్లు, కాపురానికి రాని ఇళ్లు

పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయాన్ని ఏళ్ల తరబడి ప్రెస్ గ్యాలరీ నుంచి గమనిస్తున్న నాకు, తుఫాను బాధితుల గృహనిర్మాణంపై మంత్రులిచ్చే జవాబు దాదాపు కంఠస్థమైపోయింది. మంజూరైన ఇళ్లు ఇన్ని, నిర్మాణంలో ఉన్నవి ఇన్ని, పూర్తయినవి ఇన్ని. ఆ పట్టికను సభ ముందుంచడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోతుంది. పూర్తయిన ఇళ్లలో ఎన్నింట పొయ్యి వెలిగిందో ఆ పట్టిక చెప్పదు. సభ్యులు కూడా ఆ సంగతి అరుదుగానే అడుగుతారు. అడగకపోతే ఏమవుతుందో తెలుసుకోగోరేవారు ఫిలిప్పీన్స్‌లోని తక్లోబాన్ నగర అనుభవాన్ని పరిశీలించాలి.

2013 నవంబరు 8వ తేదీ తెల్లవారుజామున హయాన్ తుఫాను మధ్య ఫిలిప్పీన్స్‌పై విరుచుకుపడింది. ఆ దేశస్థులు దానిని యోలాండా అని పిలుస్తారు. అధికారిక లెక్క ప్రకారమే 6,300 మంది మరణించారు. మరి వెయ్యిమందికి పైగా జాడ తెలియలేదు. సుమారు 11 లక్షల ఇళ్లు దెబ్బతినగా అందులో దాదాపు సగం నేలమట్టమయ్యాయి. 40 లక్షలమంది ఇల్లు విడిచిపోవలసి వచ్చింది.

లెయ్‌తె దీవిలోని తక్లోబాన్‌లో గాలికన్న నీరే ఎక్కువ ప్రాణాలు తీసింది. హెచ్చరిక ముందుగా రాకపోలేదు. అయితే అందులోని ‘స్టార్మ్ సర్జ్’ అన్న ఇంగ్లీషు మాట తీరవాసులలో అనేకులకు అర్థం కాలేదు. మన దివిసీమలో ‘ఉప్పెన’ అన్న ఒక్కమాట అంటే చాలు, 1977 నవంబరు 19 కళ్ల ముందు నిలుస్తుంది. అటువంటి మాట ఆ హెచ్చరికలో ఉండి ఉంటే ఎందరు బతికి బయటపడేవారో!

నలభై మీటర్ల గీత

తుఫాను వెలిసిన తరువాత ప్రపంచ దేశాలు ఉదారంగానే స్పందించాయి. గుడారాలు వెలిశాయి. వాటి వెనుక చెక్కలతో, రేకులతో వరుస వసారాలు వెలిశాయి. ఆ తరువాత కథ నెమ్మదించింది. సముద్రపుటొడ్డు నుంచి 40 మీటర్ల వరకు ఎవరూ ఇల్లు కట్టరాదని ప్రభుత్వం ప్రకటించింది. ప్రాణరక్షణ కోసమే ఈ నిషేధమన్న మాట నిజమే. కాని గీత గీసినంత వేగంగా గీతకు ఆవల స్థలం చూపలేదు. గీతకు ఈవల ఉన్నవారికి ఇల్లు కట్టుకునే సామగ్రి ఇవ్వడానికి సహాయ సంస్థలకు వీలు లేకపోయింది. చివరకు ఆ పేదలు చిరిగిన టార్పాలిన్లు, కొట్టుకువచ్చిన రేకులు ఏరుకుని పాతచోటనే గుడిసెలు వేసుకున్నారు. అనిబాంగ్ పేటలో ఉప్పెన ఒడ్డుకు విసిరిన పెద్ద ఓడల పక్కనే ఆ గుడిసెలు లేచాయి. తరువాత ‘కట్టరాదు’ అన్నది ‘నివసించరాదు’గా మారింది. అంటే వ్యాపారం చేసుకొనవచ్చును, కాపురం మాత్రం ఉండరాదన్నమాట!

దీనికి రాజకీయం తోడైంది. నాటి అధ్యక్షుడు బెనిగ్నో అకినో. నగర మేయరు ఆల్‌ఫ్రెడ్ రొముయాల్దెస్, ఇమెల్డా మార్కోస్‌కు సోదరుని కుమారుడు. అధ్యక్షుని తండ్రి 1983లో మార్కోస్ ఏలుబడిలో హత్యకు గురైన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కేంద్రానికీ నగరానికీ మధ్య బాధ్యత ఎవరిదన్న వాదులాట సాగుతుండగా బాధితుడు గుడారంలో ఎండకు ఎండి వానకు తడిశాడు.

నీరు లేని కాలనీలు

యోలాండా బాధితులకు 2 లక్షల 5 వేలకు పైగా ఇళ్లు కట్టాలన్నది జాతీయ గృహనిర్మాణ సంస్థ లక్ష్యం. భూసేకరణ, యాజమాన్య పత్రాలు, అనుమతుల చిక్కులలో మూడేళ్లు గడిచినా అందులో కొద్ది భాగమే పూర్తయింది. 2016 నవంబరు 8న తక్లోబాన్ వచ్చిన అధ్యక్షుడు డుటెర్టె ఈ పనితీరు తనకు సంతృప్తి కలిగించలేదని బహిరంగంగానే అన్నారు. ఈస్టర్న్ సమార్ రాష్ట్రంలో కట్టిన ఇళ్లకు నాసిరకం సామగ్రి వాడారన్న ఆరోపణలపై ప్రతినిధుల సభ విచారణ జరిపింది.

అయితే ఆలస్యం కన్న, నాసిరకం కన్న నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. పూర్తయిన ఇళ్లలోనూ అనేకం ఖాళీగా ఉన్నాయని ఆ దేశపు ఆడిట్ కమిషన్ ఎత్తిచూపింది. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. తక్లోబాన్‌వాసులకు కొత్త కాలనీలు నగరానికి ఉత్తరాన, పదిహేను కిలోమీటర్ల పరిసరాలలో వెలిశాయి. కుళాయి నీరు రాక ఏళ్ల తరబడి ట్యాంకర్లే దిక్కయ్యాయి. చేపలవేట, బజారు, కూలిపని అన్నీ పాత నగరంలోనే. జీప్నీ బండి చార్జీలకే కూలిడబ్బు కరిగిపోతే ఇంటికి ఏం తీసుకువెళ్లాలి? అందుచేత భార్యాబిడ్డలు కొత్త ఇంట, భర్త ఒడ్డున పాత గుడిసెలో ఉండే కుటుంబాలు ఏర్పడ్డాయి. ప్రభుత్వ పట్టికలో మాత్రం అది పునరావాసం పొందిన కుటుంబమే.

మన తీరాల అనుభవం

ఇది ఫిలిప్పీన్స్ ఒక్కదాని జాడ్యం కాదు. 2004 డిసెంబరు సునామీ తరువాత శ్రీలంక దక్షిణ తీరాన 100 మీటర్లు, ఉత్తర, తూర్పు తీరాల 200 మీటర్లు నిషిద్ధమని ప్రకటించి, నిరసనల అనంతరం సడలించింది. చెన్నై తీరపు కుటుంబాలను నగరానికి దూరంగా సెమ్మంచేరికి తరలించినప్పుడు వినిపించినవీ ఇవే మాటలు: పని దూరం, బడి దూరం, సముద్రం దూరం. దీనికి భిన్నంగా 2001 భూకంపం తరువాత గుజరాత్‌లో ఇంటి యజమానికే వాయిదాలలో డబ్బిచ్చి, ఇంజనీరు తనిఖీతో అధిక సంఖ్యాకుల చేత వారి ఇళ్లను వారి చేతనే కట్టించారు. తాను కట్టుకున్న ఇంటిని ఎవరూ ఖాళీగా వదలరు.

తీరాన ఉండనిస్తే మళ్లీ చావరా అని అధికారులు అడుగుతారు. సరైన ప్రశ్నే. 1999 పెనుతుఫానులో ఒడిశా దాదాపు పదివేలమందిని కోల్పోయింది. అదే ఒడిశా, హయాన్‌కు నెల తిరగక ముందు, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటేలోగా లక్షల జనాన్ని తరలించి మరణాలను పదులకు పరిమితం చేసింది. హయాన్ అంతకన్న భయంకరమైనదనీ, తక్లోబాన్‌లో కొన్ని ఆశ్రయ కేంద్రాలే మునిగిపోయాయనీ మరువరాదు. కొన్ని పేటలను శాశ్వతంగా కదిలించక తప్పదు. కాని కదిలించేటప్పుడు నీరు, బండి, బడి, పని ముందు వెళ్లాలి. మనుషులు తరువాత వెళ్లాలి. తక్కిన చోట్ల తుఫానుకు ఒక్క రాత్రి తరలించి కాపాడగలిగిన మనిషిని జీవితాంతం సముద్రానికి దూరం చేయనక్కరలేదు.

అడగవలసిన ప్రశ్న

మన విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. శిబిరాలలో కనీస వసతులు, ఇంటి నష్టానికి సహాయం, జీవనోపాధి పునరుద్ధరణ వంటివి అందులో ఉన్నాయి. పక్కా ఇల్లు ఎన్ని నెలలలో అప్పగించాలన్న గడువు మాత్రం లేదు. ఆ గడువు చట్టంలోకి వచ్చేవరకైనా మన సభ్యులు ఒక పని చేయవచ్చు. ‘ఎన్ని ఇళ్లు కట్టారు?’ అన్న ప్రశ్నకు మంత్రి జవాబివ్వగానే లేచి, ‘అందులో ఎన్నింట జనం ఉంటున్నారు? లేనిచోట ఎందుకు లేరు?’ అని అనుబంధ ప్రశ్న వేయవచ్చు. జవాబు రాకపోతే హామీల సంఘం ఉండనే ఉంది.

తుఫాను ఒక పూటలో ఇల్లు తీసుకుపోతుంది. దానిని ఆపడం ఏ ప్రభుత్వం తరమూ కాదు. ఆ తరువాతి అయిదేళ్ల నిరీక్షణ మాత్రం మనుషులు తెచ్చిపెట్టినది. దానికి జవాబు చెప్పవలసినవారూ మనుషులే.