ఈ వారం ఇంట్లో ఒక సినిమా



ఓటీటీలో కొత్త సినిమాలు ప్రతి వారం వస్తూనే ఉంటాయి. ఈ శనివారం మాత్రం 2024లో వచ్చిన '35 – చిన్న కథ కాదు' పిల్లలతో కలిసి చూడండి. తిరుపతిలో జరిగే కథ. విలువ లేని సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని అరుణ్ అడుగుతాడు. సరైన జవాబు దొరకదు, లెక్కలు రావు. చివరికి పదో తరగతి తప్పిన అమ్మే నేర్చుకుని నేర్పుతుంది.

చూస్తుంటే నా క్లాసు గుర్తొచ్చింది. 'పుట్', 'బట్' పలకడంలో తేడా ఎందుకని అడిగిన బాబును, సిలబస్ ఉందని కూర్చోబెట్టేశాను.

సినిమా అయ్యాక "చూశావా, నువ్వూ అలా చదవాలి" అనకండి. "నీకు ఏది అర్థం కావడం లేదు?" అని అడగండి. చెప్పింది డైరీలో రాసి పంపండి. మార్కుల కన్నా ముందు మాకు తెలియాల్సింది అదే.