గోదాము వేడి లెక్కలోకి రావాలి

1907 మార్చి 12న ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవులో, మరమ్మతు కోసం డ్రైడాక్‌కు చేర్చిన ‘ఇయెనా’ యుద్ధనౌక పేలిపోయింది. చుట్టూ నీళ్లు లేవు కనుక మందుగుండు అరలను ముంచే వీల్లేకపోయింది. డాక్ గేటును పగలగొడదామని పక్కనున్న నౌక పేల్చిన గుండు తగిలి, ఎగిరి పక్కకుపోయింది. దాదాపు 120 మంది చనిపోయారు. 1911 సెప్టెంబరు 25న అదే రేవులో ‘లిబెర్తే’ పేలి ఇంచుమించు 300 మంది బలయ్యారు. ఈ ఘోరాలకు శత్రువు కారణం కాదు. రెండుసార్లూ వేలు నిల్వలో పాడైన ‘పూద్ర్ బి’ అనే పొగరాని మందు వైపే చూపింది.

ఆ మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. దానికి నిప్పు తగలనక్కర్లేదు. మామూలు వేడికే అందులోంచి నైట్రోజన్ డయాక్సైడ్ కొద్దికొద్దిగా వెలువడుతుంది, తేమ తోడైతే ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం మిగతా మందును ఇంకా తొందరగా విరగ్గొడుతుంది. పుట్టిన వేడి బయటికి పోలేక కుప్పలో పేరుకుంటే మందు తనంతట తానే అంటుకుంటుంది. అందుకే డైఫినైలమైన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. అది ఆ వాయువును పట్టుకుంటూ తాను ఖర్చైపోతుంది.

ఎంత ఖర్చైందో తేల్చేది ల్యాబే. పాతకాలపు ఏబెల్ పరీక్షలో కాస్త మందును గాజు గొట్టంలో వేసి వేడినీళ్లలో ఉంచుతారు. గంజి, పొటాషియం అయొడైడ్ పట్టించి సగం తడిపిన కాగితం ముక్క పైన వేలాడుతుంది. తడికీ పొడికీ మధ్య గోధుమరంగు గీత పడేదాకా గడియారం చూస్తూ కూర్చోవాలి. ఇప్పుడు మైక్రోకెలోరిమీటర్లు వచ్చాయి. నాటో ప్రమాణం ప్రకారం 80 డిగ్రీల వద్ద 10.6 రోజులు ఉంచినప్పుడు గ్రాముకు 114 మైక్రోవాట్లకు మించి వేడి రాకపోతే, 25 డిగ్రీల నిల్వలో పదేళ్లకు ఢోకా లేనట్టు లెక్క.

పేచీ ఆ 25 దగ్గరే. మే నెలలో రామగుండం 45 దాటడం మనకు కొత్త కాదు. విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ తెలియనివాళ్లు లేరు. నావల్ ఆర్మమెంట్ డిపో వల్ల వచ్చిన పేరది. ఊరు ఆ చుట్టుపక్కలంతా పెరిగింది, సముద్రపు ఉక్కపోత ఉండనే ఉంది. నాటో సూత్రంతోనే లెక్క కడితే, నిలకడగా 40 డిగ్రీలుండే గోదాములో మందు నాలుగు రెట్లకు పైగా వేగంగా పాడవుతుంది. పదేళ్ల హామీ రెండేళ్ల పైచిలుకుకు దిగుతుంది!

కాబట్టి మన దేశంలో గడువును మన గోదాముల వేడిని బట్టే కట్టాలి. ప్రతి గోదాములో ఏడాది పొడవునా ఉష్ణోగ్రత, తేమ నమోదు కావాలి. ప్రతి లాటు పరీక్షకు ఆ పట్టీ తోడు వెళ్లాలి. ఇంకొక్క మాట. కోట్ల రూపాయల సరుకు తగలబెట్టాలంటే ఏ అధికారికైనా చెయ్యి వెనకాడుతుంది. స్టెబిలైజర్ తగ్గిన లాటును ధ్వంసం చేయమని చెప్పే అధికారం, దాన్ని పరీక్షించిన కెమిస్టుకే ఉండాలి.