పొలం బొమ్మ రైతుకే కనబడదా?

అందరికీ వడ్డించినవాడు ఆఖరి బంతిలో కూర్చున్నట్టుంది మన కొండ రైతు సంగతి. వలిసెలు పూసిన రోజుల్లో అరకు దారిలో ఏ మలుపు దగ్గర చూసినా కారు ఆగుతుంది, ఫోను బయటికొస్తుంది, ఫొటో పడుతుంది. సాయంత్రానికల్లా ఆ ఫొటో ఇంటర్నెట్టు పటం ఎక్కి కూర్చుంటుంది. ఎక్కడో హైదరాబాదులో ఉన్న మనిషి ఆ చుక్క మీద వేలు పెడితే చేను కళ్లకు కడుతుంది. మరుసటి ఆదివారం ఆయనా వచ్చి అదే చేలో దిగుతాడు. చేను గల రైతు మాత్రం ఆ పటాన్ని చూసి ఎరగడు.

పూల ఫొటో సంగతి పోనీ అనుకుందాం. నాలుగు మొక్కలు నలిగితే పది రూపాయలు అడిగి పుచ్చుకోవచ్చు. కానీ మన పొలాల ఫొటోలు ప్రభుత్వ పటాల మీదా ఎక్కాయి, కాఫీ కొనే కంపెనీల పటాల మీదా ఎక్కుతున్నాయి. పని బిల్లు, కాఫీ బేరం, ఒక్కోచోట పట్టా కూడా వాటితో ముడిపడుతున్నాయి. వాటినైనా రైతుకు చూపిస్తున్నారా అంటే అదీ లేదు. ఎవరో వస్తారు, తోటలో నిలబెట్టి ఫొటో తీస్తారు, వెళ్లిపోతారు. ‘ఏం తీశావు బాబూ?’ అని అడిగితే ‘ఆన్‌లైన్‌లో పెట్టాలి తాతా’ అన్న జవాబుతో సరి. ఈ పద్ధతి మారాలన్నదే ఈ నాలుగు మాటల సారాంశం.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకుందాం. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే ఫోను తానున్న చోటును లెక్క కడుతుంది. ఆ లెక్క అక్షాంశం, రేఖాంశం అనే రెండు అంకెల్లో ఉంటుంది. ఫొటో తీసినప్పుడు ఆ రెండు అంకెలూ, తేదీ, సమయం ఫొటోలోనే దాగి ఉంటాయి. పటంలో ఆ అంకెల చోట చుక్క పడుతుంది. చుక్క నొక్కితే ఫొటో తెరుచుకుంటుంది. దీన్నే జియో ట్యాగింగ్ అంటున్నారు.

మన ఇస్రో సంస్థ 2009లో ‘భువన్’ అనే పటాన్ని ఇంటర్నెట్టులో పెట్టింది. 2016లో ఉపాధి హామీ పనుల ఫొటోలను దాని మీదికి ఎక్కించడం మొదలుపెట్టారు. 2017 నవంబరు నుంచి ఒక్కో పనికి మూడు దశల్లో ఫొటో తీయాలన్నారు. పనికి ముందొకటి, నడుస్తుండగా ఒకటి, అయ్యాక ఒకటి. చెక్‌డ్యాములు, నీటి కుంటలు, తోటలు అన్నీ ఇలా చుక్కలయ్యాయి. ఉద్దేశం మంచిదే. తవ్వని కుంటకు బిల్లు రాసుకునే రోజులు పోవాలంటే ఇలాంటిది ఉండాల్సిందే.

కూలీల హాజరుకూ ఇదే పద్ధతి వచ్చింది. సొంత పొలాల్లో చేసుకునే పనులు మినహా మిగతా అన్ని పనుల్లోనూ రోజుకు రెండుసార్లు ఫొటో తీసి పంపాలని 2023 జనవరి 1 నుంచి నిబంధన పెట్టారు. టవరు అందని కొండ గూడేల్లో దీని కష్టమేమిటో మన్యం జనాన్ని అడగాలి. ఎండలో చేసిన పని ఎండలోనే ఉంది, ఫొటో ఎక్కకపోతే కూలి ఏమవుతుందోనన్న గుబులు మాత్రం ఇంటిదాకా వస్తుంది. యంత్రం లెక్క కొండకు తగ్గట్టు ఉండాలి గాని, కొండే యంత్రానికి తగ్గట్టు ఒదగాలంటే కుదురుతుందా?

అయితే ఫొటోనే వద్దనడం తెలివైన పని కాదు. కారణం చెబుతాను.

అరకు, పాడేరు కొండల్లో కాఫీ నీడలో పెరిగే పంట. పైన సిల్వర్ ఓక్, పనస, దాని మీదికి పాకిన మిరియం తీగ. కింద కాఫీ. ఉపగ్రహం పై నుంచి చూస్తే కనిపించేది పచ్చని చెట్ల తలలే. అది తోటో, అడవో పై నుంచి తేల్చి చెప్పడం కష్టం. మనిషి చెట్టు కింద నిలబడి తీసిన ఫొటో ఒక్కటే ‘ఇక్కడ కాఫీ ఉంది, ఇక్కడ రైతు ఉన్నాడు’ అని చెప్పగలదు. పోడు భూముల సంగతీ అంతే. కొన్నేళ్లు బీడు వదిలి మళ్లీ సాగు చేసే చోట, వదిలిన ఏడాది తీసిన ఉపగ్రహ చిత్రంలో పొదలే కనిపిస్తాయి.

ఇది పట్టాల దగ్గర పనికొచ్చే మాట. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గిరిజన కుటుంబానికి, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమి మీద 4 హెక్టార్ల దాకా, అంటే సుమారు 10 ఎకరాల దాకా హక్కు గుర్తించవచ్చు. సాక్ష్యాలుగా ఉపగ్రహ చిత్రాలనే గాక గట్లు, చదును చేసిన నేల, చెక్‌డ్యాములు, ఊరి పెద్దల వాంగ్మూలాలను కూడా నిబంధనలు ఒప్పుకుంటాయి. ఒకటికి మించి సాక్ష్యాలు చూడాలనీ చెబుతాయి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదు అని 2012లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. ‘చిత్రంలో కనబడలేదు కాబట్టి నీది చెల్లదు’ అని ఎవరన్నా అంటే ఈ మాట గుర్తు చేయాలి. ఇవాళ తీసిన ఫొటో ఒక్కటే 2005 నాటి సాగును రుజువు చేయదు, నిజమే. కానీ పాత రాతి గట్టు, ముదురు చెట్టు, పక్కన పెద్దాయన సాక్ష్యం కలిస్తే దానికి బలం వస్తుంది.

ఇక కాఫీ బేరం. అడవి నరికి పండించిన కాఫీని తమ దేశాల్లోకి రానివ్వకూడదని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టి వేసిన తోట గింజ అక్కడ చెల్లదు. ఏ తోటలో పండిందో పటం మీద చూపించాలి. 4 హెక్టార్ల లోపు తోటకు ఒక్క చుక్క చాలు, అంతకు మించితే చుట్టూ గీత గీయాలి. దీని అమలు రెండుసార్లు వాయిదా పడింది. పెద్ద కంపెనీలకు 2026 డిసెంబరు 30, చిన్నవాటికి 2027 జూన్ 30 గడువుగా పెట్టారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంతోషించాం. ఊరి పేరుకు గుర్తింపు రావడం ఒక ఎత్తు, మన తోట చుక్క సరిగ్గా పడటం మరో ఎత్తు.

ఎందుకంటే చుక్క తప్పు పడే వీలు కొండల్లోనే ఎక్కువ. దట్టమైన నీడలో, రెండు కొండల నడుమ లోయలో సంకేతాలు సరిగా అందవు. చుక్క జరిగి పక్కవాడి తోటలోనో, రిజర్వు అడవిలోనో పడిందంటే తిప్పలు రైతువే. అందుకని ఫొటో తీసేటప్పుడు చెట్ల సందున ఆకాశం కనబడే చోట నిలబడాలి. ఒక నిమిషం ఆగి, ఫోను చోటు కుదుర్చుకున్నాక తీయాలి. అంకెల్ని చదివించుకోవాలి. అరకు, పాడేరు చుట్టుపక్కల అక్షాంశం 18తో, రేఖాంశం 82తో మొదలవుతాయి. అనంతగిరి వైపు 83 కూడా రావచ్చు. చుక్క తర్వాత ఎన్ని అంకెలున్నాయో చూడాలి. మూడే ఉంటే నూరు మీటర్ల పైచిలుకు తేడా ఉండొచ్చు. అయిదు ఉంటే మీటరు దాకా లెక్క తేల్చి రాసినట్టు. ఆరు రాయించుకుంటే ఇంకా మేలు.

మరో రెండు సంగతులు. టవరు లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. టవరు కావలసింది ఫొటో పంపడానికే, తీయడానికి కాదు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్ చేయించి మన ఫొటోలు మనమే తీయించుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అందులో దాగిన అంకెలు ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. అసలు ఫొటోను మాత్రం చెరపకూడదు.

‘మన భూమి గుట్టు పటంలో పెడితే ఊరివాళ్లు కానివాళ్లకూ తెలిసిపోదా?’ అని పెద్దలు కొందరు భయపడుతున్నారు. ఆ భయం కొట్టిపారేసేది కాదు. ఊట చెలమలు, కొలుపు చేసుకునే చోట్లు, ఆడవాళ్ల ఫొటోలు, ఆధార్ నంబర్లు ఊరు ఒప్పుకోకుండా లోకానికి చూపించనక్కర్లేదు. ఏది చూపాలి, ఏది దాచాలి అన్నది గ్రామసభ తేల్చాలి. కానీ పొలం గుట్టు ఇప్పటికే బయటివాళ్ల దగ్గర ఉంది. లేనిది మన దగ్గరే.

కాబట్టి అడగవలసింది మూడే. ఫొటో తీసినవాళ్లు ఆ చుక్క అంకెల్ని కాగితం మీద రాసి రైతుకు ఇవ్వాలి. ఏడాదికొకసారి ఊరి పటాన్ని, దాని మీది ఫొటోలను గ్రామసభలో తెర మీద గాని, అచ్చు తీసి గాని అందరికీ చూపించాలి. తప్పు చుక్కను అక్కడే రాసుకుని సరిచేసి, చేసినట్టు రైతుకు చెప్పాలి. దీనికి కోట్లు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు.

ఇవాళే ఇంట్లో పట్టా కాగితాలున్న సంచీలో ఆ రెండు అంకెలూ ఉన్నాయేమో చూసుకోండి. లేకపోతే వచ్చే గ్రామసభలో నిలబడి అడగండి. ఒక్కరు అడిగితే మాట, ఊరంతా అడిగితే తీర్మానం.