బర్నెట్ పుస్తకం, మన ‘శక్తి’

‘రోగనిరోధక శక్తి’ అన్న మన మాటలో ‘శక్తి’ అన్న ముక్క నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. శక్తి అనగానే అది పెంచుకోదగినది, సీసాలో పోసి అమ్మదగినది అనిపిస్తుంది. కరోనా నాటి నుంచి ఇక్కడి తెలుగు ఇళ్లలోనూ ‘ఇమ్యూనిటీ పెంచే’ చూర్ణాలు కొలువుదీరాయి. ఆ భ్రమకు విరుగుడుగా నేను సూచించే పుస్తకం మెల్‌బోర్న్ శాస్త్రవేత్త ఫ్రాంక్ మక్‌ఫార్లేన్ బర్నెట్ 1959లో వెలువరించిన ‘ది క్లోనల్ సెలెక్షన్ థియరీ ఆఫ్ అక్వైర్డ్ ఇమ్యూనిటీ’.

శరీరంలో చొరబడిన పరాయి పదార్థమే అచ్చుగా మారి, యాంటీబాడీకి రూపమిస్తుందని 1940లో లైనస్ పౌలింగ్ వంటి ఉద్దండుడు ప్రతిపాదించాడు. నీల్స్ యెర్నె ఆలోచనను సవరిస్తూ 1957లో రాసిన ఒక చిన్న వ్యాసంతో బర్నెట్ ఆ ఊహను తలకిందులు చేశాడు. ఆయన దృష్టిలో, రోగక్రిమి రాకముందే అసంఖ్యాకమైన కణాలు మనలో సిద్ధంగా ఉంటాయి. ఒక్కొక్కటి ఒకే రకం యాంటీబాడీని తయారుచేయగలదు. క్రిమి తనకు సరిపడే కణాన్ని తాకగానే ఆ కణం పిల్లలు పెట్టి వేలాదిగా పెరుగుతుంది. ఏ కార్తెకు తగిన విత్తనం ఆ కార్తెలో మొలిచినట్లన్నమాట. వాటిలో కొన్ని యాంటీబాడీలను వెదజల్లుతాయి, కొన్ని జ్ఞాపకంగా నిలుస్తాయి. రోగం రాకముందే ఈ ఎంపిక జరిపించడమే టీకా చేసే పని. ఒక్కో కణం ఒక్క యాంటీబాడీనే చేస్తుందని మెల్‌బోర్న్‌లోనే నోసల్, లెడర్‌బర్గ్ ప్రయోగం చేసి 1958లో ప్రకటించారు.

ఇంత వైవిధ్యం ఎలా పుడుతుందో ఈ పుస్తకం తేల్చలేదు. జన్యువుల ముక్కలు కొత్త కలయికల్లో అతుక్కోవడమే కారణమని తరువాత సుసుము టోనెగావా నిరూపించి 1987లో నోబెల్ పొందాడు. పైగా చదవడానికి ఇది సులువైన పుస్తకమూ కాదు.

అయినా ఇందులోని ఒక హెచ్చరిక ఇప్పటికీ విలువైనది. స్వంత శరీరాన్నే గుర్తుపట్టే కణాలు అణగిపోవాలి. అవి మిగిలితే మనపైనే తిరగబడతాయి. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లలో జరిగేది అదే. ఆ రోగులకు మేము ఇచ్చే మందులు ఈ ప్రతిస్పందనను తగ్గించడానికే. ‘శక్తి తగ్గిపోతుందట’ అన్న భయంతో వాటిని మానేస్తే కీళ్లు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒక మాట ఇంత పని చేయగలదు.

పోషకాహారం లోపిస్తే ఈ వ్యవస్థ కుంటుపడుతుందన్నది నిజమే. కానీ కడుపునిండా తినేవాడికి చూర్ణం కొత్త జ్ఞాపకాన్ని ఇవ్వలేదు. అందుకే ‘శక్తి’ని వదిలి ‘రోగనిరోధకత’ అందాం. ఎంపిక, జ్ఞాపకం, సహనం: ఈ మూడూ ఆ మాటలో ఇముడుతాయి.