పాట కావాలి, ముఖం వద్దా?

పాటకు కులం లేదంటారు. మరి పాడినవాడి ఫోటో ఎందుకు దాచారు?

అమెరికాలో కంట్రీ సంగీతం అని ఒకటుంది. పల్లెటూరి తెల్లవాళ్ల పాట అని దానికి పేరు. చార్లీ ప్రైడ్ అనే నల్లజాతి గాయకుడి మొదటి రికార్డు అందులో 1966లో వచ్చింది. కంపెనీ ఆ రికార్డును రేడియో స్టేషన్లకు పంపింది, అతని ఫోటో మాత్రం పంపలేదు. ముఖం చూస్తే పాట వెయ్యరని భయం!

ఎవరీ చార్లీ? 1934లో మిసిసిపి రాష్ట్రంలోని స్లెడ్జ్ అనే ఊళ్లో పుట్టాడు. పదకొండుమంది పిల్లల్లో ఒకడు. తండ్రి పరాయి భూమిని పాలుకు చేసి పత్తి పండించేవాడు. చార్లీ కూడా పత్తి ఏరాడు. పద్నాలుగేళ్లకు గిటారు కొనుక్కున్నాడు. నల్లవాళ్లకు విడిగా పెట్టిన లీగుల్లో బేస్‌బాల్ ఆడాడు. మోంటానాలో సీసం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేస్తూ సాయంత్రాలు పాడాడు. అలాంటివాడు 1971లో కంట్రీ సంగీత సంఘం ఇచ్చే అతిపెద్ద బహుమతి అందుకున్నాడు. అదే ఏడు తెచ్చిన భక్తిగీతాల రికార్డుకు గ్రామీ అవార్డు వచ్చింది. 2020 డిసెంబరులో కోవిడ్‌తో చనిపోయాడు.

చూశారా, ప్రతిభ ఉంటే ఎవరాపగలరు అని మనకు నీతులు చెప్పేవాళ్లు ఎగబడతారు. ఒక్కడు గడప దాటితే గోడ కూలినట్టేనా? చార్లీకి ముందు డీఫోర్డ్ బెయిలీ ఉన్నాడు. నాష్‌విల్ రేడియోలో మౌతార్గాన్‌తో జనాన్ని ఊపేసినవాడు. తోటి తెల్ల కళాకారులు దిగిన హోటళ్లలో అతనికి గది దొరికేది కాదు. 1941లో రేడియోవాళ్లు పొమ్మన్నారు. ఆ తర్వాత బూట్లు పాలిష్ చేసి బతికాడు. 1982లో చనిపోతే, 2005లో గౌరవం ఇచ్చారు. లెస్లీ రిడిల్ అనే మరో నల్లవాడు కార్టర్ అనే తెల్లాయన వెంట ఊరూరా తిరిగి పాటల బాణీలు గుర్తుపెట్టుకుని వచ్చేవాడు. రికార్డుల మీద పేరు కార్టర్‌ది. అసలు ఆ సంగీతంలో మోగే బాంజో ఎవరిది? ఆఫ్రికా నుంచి బానిసలు తెచ్చుకున్నది కాదా?

చార్లీ తన జాతి కోసం నోరు విప్పలేదు గదా, అతని గోల మనకెందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. నిజమే, అతను ఉద్యమకారుడు కాడు. రంగు గురించి అడిగితే దాటేసేవాడు. వేదిక మీద తన రంగు మీద తానే జోకు వేసి తెల్లవాళ్లను నవ్వించాకే పాట ఎత్తుకునేవాడు. అయితే ఆ నవ్వు వెనుక ఎంత భయముందో మనకు తెలియదా? పట్నంలో అద్దె ఇంటి కోసం ఇంటిపేరు మింగేసే మన పిల్లలు లేరా? వాళ్లను ద్రోహులని తిట్టడం సులువు. మేమంటాం, దాక్కున్నవాడి మీద కాదు, దాక్కునేట్టు చేసినవాడి మీద లేవాలి కోపం.

మన సంగతి చూద్దాం. ఊరి పెళ్లికి డప్పు కావాలి, జాతరకు డప్పు కావాలి. కొట్టినవాడికి మాత్రం పందిట్లో బంతిలో చోటుండదు. నాట్లలో మన అమ్మలు కట్టిన పాటలు సినిమాలకెక్కితే 'జానపదం' అని రాస్తారు. జానపదం అంటే అమ్మా నాన్నా లేని పాటా? కట్టిన మనిషికి పేరు లేదా?

అందుకని కార్యకర్తలకు మా మాట ఒక్కటే. మీటింగుకు వెళ్లిన ప్రతి వాడలో ఒక నోటుపుస్తకం తెరవండి. ఏ పాట ఎవరు కట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ వాడ, అన్నీ రాయండి. రాయడం రాని అవ్వ చెబితే బడికెళ్లే మనవరాలు రాస్తుంది. ఫోటో కూడా తీసి అంటించండి. మన పాట బయటికి పోవాల్సిందే, దేశమంతా పాడాల్సిందే. కానీ పేరుతో పోవాలి, ముఖంతో పోవాలి.