కస్టమ్స్ తనిఖీ పొలంలోనే మొదలవుతుంది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస దశాబ్దాలుగా సాగుతున్నదే. దుబాయిలోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఒక్కరైనా పనిచేయని వాడకట్టు ఈ పల్లెల్లో అరుదు. మనుషులకు ఇంతగా అలవాటైన ఈ దారి ఇక్కడి కూరగాయలకు మాత్రం అలవాటు కాలేదు. కారణమేమని అడిగితే శీతల గిడ్డంగులు లేవని, విమాన రవాణా ఖరీదైనదని, ఎగుమతి వ్యాపారులు ఈ ప్రాంతానికి రారని సమాధానాలు వస్తాయి. ఇవన్నీ కొంతవరకు నిజమే. అయితే వీటిలో ఏదీ విస్తరణ శాస్త్రవేత్త చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్న కారణం మరొకటి ఉంది. కొనే దేశం తన సరిహద్దు వద్ద ఏమి పరీక్షిస్తుందో పండించే రైతుకు చెప్పే ఏర్పాటు లేకపోవడమే అది.

తాజా కూరగాయలు ఒక దేశంలోకి ప్రవేశించే విధానాన్ని ముందుగా గమనించాలి. దిగుమతిదారు కస్టమ్స్ శాఖకు సరుకు వివరాల ప్రకటన దాఖలు చేస్తాడు. దానితోపాటు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ జాబితా, విమాన రవాణా రసీదు, సరుకు ఏ దేశంలో పండిందో తెలిపే మూల ధ్రువపత్రం, మొక్కల ఆరోగ్యాన్ని తెలిపే ఫైటోశానిటరీ ధ్రువపత్రం జతచేస్తాడు. భారత్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మధ్య 2022 మే 1 నుండి అమలులోకి వచ్చిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కింద సుంకం రాయితీ కోరాలంటే మూల ధ్రువపత్రం తప్పనిసరి. కాగితాలు సరిపోయాక ఆహార భద్రత అధికారులు సరుకును చూస్తారు. అవసరమైతే నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. సుంకం చెల్లిస్తే తీరిపోతుంది. కాయలోని పురుగు, తొక్కపై మిగిలిన మందు డబ్బు చెల్లిస్తే తీరేవి కావు.

ఇక్కడ విద్యార్థులు సైతం తరచుగా పొరబడే విషయం ఒకటుంది. ఫైటోశానిటరీ ధ్రువపత్రం చీడపీడలకు సంబంధించినది మాత్రమే. 1951 నాటి అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందం ప్రకారం ఎగుమతి చేసే దేశపు అధికారులు దానిని జారీ చేస్తారు. సరుకులో పురుగుమందుల అవశేషాలు ఎంత ఉన్నాయో అది చెప్పదు. అవశేషాల పరీక్ష వేరు, దాని పరిమితులు వేరు. ఐరోపా సమాఖ్యలో ఒక మందుకు ప్రత్యేక పరిమితి నిర్ణయించనప్పుడు కిలోకు 0.01 మిల్లీగ్రామునే గరిష్ఠ పరిమితిగా తీసుకుంటారు. పురుగు లేని కాయ అవశేషాల వద్ద ఆగిపోవచ్చు. మందు చల్లని కాయ పురుగు వద్ద ఆగిపోవచ్చు. రెండింటినీ దాటించగల సాగు పద్ధతే రైతుకు కావలసినది.

దాటలేకపోతే ఏమవుతుందో 2014 స్పష్టం చేసింది. అంతకుముందు సంవత్సరం భారత్ నుండి వెళ్ళిన 207 పండ్లు, కూరగాయల సరుకుల్లో పండు ఈగ మొదలైన చీడలు కనబడ్డాయని ఐరోపా సమాఖ్య ప్రకటించింది. 2014 మే 1 నుండి మామిడితోపాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ దిగుమతులను నిలిపివేసింది. తనిఖీ, ధ్రువీకరణ ఏర్పాట్లు మెరుగుపడిన తరువాత 2015 జనవరిలో మామిడిపై నిషేధం ఎత్తివేతకు నిర్ణయం జరిగింది. కూరగాయలు మరికొంత కాలం ఆగవలసి వచ్చింది. అదే 2014లో సౌదీ అరేబియా మందు అవశేషాల కారణంగా భారత పచ్చిమిర్చిని నిలిపివేసింది. ఎమిరేట్స్ 2017 మే 15 నుండి ఈజిప్టు, జోర్డాన్, లెబనాన్, ఒమన్, యెమెన్ దేశాల కొన్ని పండ్లు, కూరగాయలను ఇదే కారణంతో ఆపింది. ఒక ఎగుమతిదారు సరుకులో దొరికిన దోషానికి దేశంలోని రైతులందరూ మూల్యం చెల్లించారన్నదే ఈ సంఘటనల సారాంశం.

ఇది కేవలం విదేశాల కాఠిన్యం కాదు. మన దేశం కూడా 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ద్వారా దిగుమతులపై ఇటువంటి షరతులే విధిస్తున్నది. 2019లో అకాల వర్షాలకు ఉల్లి పంట దెబ్బతిని ధరలు పెరిగినప్పుడు ఈజిప్టు, టర్కీ వంటి దేశాల నుండి ఉల్లి తెప్పించవలసి వచ్చింది. ఎగుమతి చేసే దేశంలోనే మిథైల్ బ్రోమైడ్‌తో ధూమీకరణ జరగాలన్న నిబంధనను ఆ నవంబరులో తాత్కాలికంగా సడలించి, ఇక్కడికి వచ్చాక ధూమీకరణకు అనుమతించారు. అయినా సరుకు చేరేసరికి దేశీయ ఉల్లి మార్కెట్‌కు రాసాగింది. దిగుమతి అయిన 18,000 టన్నుల్లో 2,000 టన్నులే అమ్ముడుపోయాయని 2020 జనవరిలో కేంద్ర మంత్రి రాంవిలాస్ పాశ్వాన్ వెల్లడించారు. తాజా సరుకు విషయంలో కాలమే ధర. బెండ, కాకర ఉల్లి అంత కాలం కూడా ఆగవు.

ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చింది. త్వరగా పాడయ్యే సరుకును సాధ్యమైనంత తక్కువ సమయంలో విడుదల చేయాలని దాని 7వ అధికరణం చెబుతున్నది. ఆ వాక్యం వెంటనే ఒక షరతూ ఉంది: నియంత్రణ నిబంధనలన్నీ నెరవేరి ఉండాలి. అంటే ఆ వేగం నిబంధనలను నెరవేర్చిన సరుకుకే లభిస్తుంది. నిబంధనలను నెరవేర్చే పని విమానాశ్రయంలో జరిగేది కాదు. పండు ఈగ పొలంలోనే గుడ్లు పెడుతుంది. కాకరకాయ లోపల ఉన్న పిల్లపురుగును ప్యాకింగ్ వద్ద ఏరివేయలేరు. కాయలోకి ఇంకిన అంతర్వాహిక మందును కడిగి తొలగించలేరు.

అసలు చిక్కు కోతల వద్ద ఉంది. బెండను రెండు మూడు రోజులకు ఒకసారి కోయవలసిందే. ఆలస్యమైతే కాయ ముదిరి ధర పోతుంది. మందు చల్లిన తరువాత వారం రోజులు ఆగమని సలహా ఇస్తే రైతు రెండు కోతలు వదులుకోవాలి. అటువంటి సలహాను రైతు పాటించకపోతే దానిని నిర్లక్ష్యం అనడం సరికాదు. ఆ సలహా పంట స్వభావానికి తగినది కాదు. కాపు మొదలైన తరువాత వేచి ఉండవలసిన కాలం తక్కువగా ఉన్న మందులే సూచించడం, కోత పూర్తయిన సాయంత్రమే పిచికారీ చేయించడం, తీగజాతి కూరగాయల్లో క్యూ-ల్యూర్ ఎరలు పెట్టించడం, పురుగు సోకి రాలిన కాయలను ఏరి పూడ్చించడం ఆచరణలో నిలిచే మార్గాలు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదన్న నిషేధం 2005 నాటిది. ఇటువంటి సమాచారం రైతుకు మందుల దుకాణం కంటే ముందు విస్తరణ సిబ్బంది ద్వారా అందాలి.

జగిత్యాల జిల్లాలో శ్రీరాంసాగర్ కాలువల కింద వరి, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు, జగిత్యాల చుట్టూ మామిడి ప్రధానం. కూరగాయలది చిన్న కమతాల సాగు. అందువల్లనే ఇక్కడ పని ఆరంభించడం సులభం. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, వ్యవసాయ కళాశాల మూడు పనులు చేపట్టవచ్చు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్ళే ప్రతి విద్యార్థి ఒక కూరగాయల రైతు వద్ద పిచికారీ, కోత తేదీల పుస్తకం రాయించాలి. విశ్వవిద్యాలయం వెలువరించే వ్యవసాయ పంచాంగంలో ప్రతి మందు పక్కన వేచి ఉండవలసిన రోజులను ప్రముఖంగా ముద్రించాలి. ఐరోపా సమాఖ్య సత్వర హెచ్చరిక వ్యవస్థ తిరస్కరించిన సరుకుల వివరాలను బహిరంగంగా ప్రకటిస్తుంది. అందులో భారత కూరగాయలకు సంబంధించిన వాటిని నెలకొకసారి తెలుగులో సంక్షిప్తంగా రైతులకు చేర్చాలి. నేడు తిరస్కరణ వల్ల కలిగిన నష్టం ధర తగ్గుదల రూపంలో పల్లె దాకా వస్తుంది కానీ, దాని కారణం రాదు.

కూరగాయలు ఉద్యాన శాఖకు, ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన విషయమని అభ్యంతరం రావచ్చు. శాఖల సరిహద్దు రైతు పొలంలో లేదు. వరి రైతే పెరట్లో కాకర పందిరి వేస్తాడు. రెండు సంస్థలూ కలిసి చేయవలసిన పని ఇది. మరో అభ్యంతరం మరింత బలమైనది. రాష్ట్ర అవసరాలకే ఇతర రాష్ట్రాల నుండి కూరగాయలు వస్తుండగా గల్ఫ్ మార్కెట్ గురించి ఆలోచించడం తొందరపాటు కాదా? ఎగుమతి ధరల ఆశ చూపి రైతును ఖర్చులోకి దింపడం తప్పకుండా తొందరపాటే. విస్తరణ సిబ్బంది అటువంటి వాగ్దానం చేయకూడదు.

కానీ పైన చెప్పిన మూడు పనుల ప్రయోజనం ఎగుమతిపై ఆధారపడినది కాదు. దుబాయికి చేరే బెండకాయను ఆపి పరీక్షించే అధికారి ఉన్నాడు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు సంతలో కొనే బెండకాయను ఇంటికి చేరేలోపు అలా ఆపి చూసేవారు లేరు. ఆయన కుటుంబానికి ఉన్న రక్షణ రైతు పాటించే కోత విరామమే. ఆ విరామం ఎన్ని రోజులో రైతుకు చెప్పడం, పాటించగలిగే విధంగా చెప్పడం విస్తరణ బాధ్యత. ఆ బాధ్యత నెరవేరిన పొలం నుండి వచ్చిన కూరగాయ కోరుట్ల అంగడిలో అమ్ముడైనా, గల్ఫ్ సరిహద్దు వద్ద తనిఖీకి నిలిచినా దోషం లేనిదిగానే ఉంటుంది.