తినకుంటే పులొస్తది!

“అన్నం తింటవా లేదా? తినకుంటే పులొస్తది!”

మన ఇళ్లల్లో ఈ డైలాగ్ వినకుండా పెరిగినవాళ్లు తక్కువే. పులి పనిచేయకపోతే బూచోడు. బూచోడు పాతబడితే పోలీసు. అదీ కాకపోతే సూదేసే డాక్టర్.

కాటేదాన్‌కి మాత్రం ఓ పొద్దున నిజంగానే పులొచ్చింది.

2020 మే 14. లాక్‌డౌన్ రోజులు. కాటేదాన్ అండర్‌బ్రిడ్జి దగ్గర రోడ్డు మీద ఓ చిరుత పడుకుని ఉంది. పట్టుకునేలోపే లేచి, ఓ మనిషి మీదికి ఉరికి, దగ్గర్లోని ఫామ్‌హౌస్ వైపు మాయమైంది. ఆ సీసీటీవీ వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. నాలుగేళ్ల తర్వాత, 2024 ఏప్రిల్ చివర్లో, శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రహరీ దగ్గర ఇంకో చిరుత. ఫారెస్టోళ్లు ట్రాప్ కెమెరాలు బిగించి, బోన్లు పెట్టి, మే మొదటి వారంలో పట్టుకున్నారు.

ఇప్పుడు అక్కడి ఐదేళ్ల పిల్లాడి బుర్రతో ఆలోచించండి. తినకపోతే పులొస్తదన్నారు. రాత్రి తినలేదు. పొద్దున పులొచ్చింది. అంటే తప్పు ఎవరిది? నాదే! ఈ సంగతి వాడు అమ్మతో కూడా చెప్పడు. చెబితే తిడుతుందని భయం.

భయంతో పెంచడంలో అసలు నష్టం ఇదే. పిల్లాడు మాట వింటాడు, నిజమే. కానీ మాట చెప్పడం మానేస్తాడు.

‘నాన్న చంపేస్తడు’

గ్లాసు పగిలితే ముక్కలు మంచం కిందికి తోస్తాడు. మార్కులు తగ్గితే సంతకం తనే పెట్టేస్తాడు. ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. అదే పిల్లాడికి పద్నాలుగేళ్లొస్తాయి. గేమ్‌లో అమ్మ ఖాతా డబ్బులు పోగొడతాడు. అమ్మాయైతే ఎవడో ఫొటో పట్టుకుని ఆన్‌లైన్‌లో బెదిరిస్తాడు. అప్పుడు మొదట గుర్తొచ్చే మాట ఏంటి? “నాన్నకు తెలిస్తే చంపేస్తడు.” బెదిరించేవాడికి కావాల్సింది కూడా ఆ భయమే.

హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో కూడా దాదాపు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ల జీవితాల్లో పదేపదే కనిపించిన విషయం ఒకటుంది. తమను నమ్మి, అండగా నిలిచే కనీసం ఒక పెద్ద మనిషి. అమ్మానాన్నే కానక్కర్లేదు. అమ్మమ్మ, టీచర్, పక్కింటి ఆంటీ ఎవరైనా సరే. ఇంకా పెళ్లికాని మీరు కూడా ఆ అక్కో, ఆ మామో కావచ్చు.

మరి భయం లేకుండా ఎలా?

భయపెట్టకపోవడమంటే గారాబం చేయడం కాదు. ప్రమాదం గురించి దాచడం అసలే కాదు. చిరుత తిరుగుతున్నప్పుడు జనానికి కావాల్సింది ఏంటి? ఎక్కడ కనిపించింది, చీకటి పడ్డాక ఒంటరిగా తిరగొద్దు, కనిపిస్తే ఎవరికి చెప్పాలి. పిల్లలకూ అంతే.

కాటేదాన్ గల్లీల్లో ఫ్యాక్టరీలకు రోజంతా లారీలొచ్చి పోతుంటాయి. “రోడ్డెక్కితే కాళ్లిరగ్గొడతా” అంటే పిల్లాడు మీరు లేనప్పుడు రోడ్డెక్కుతాడు. “లారీ రివర్స్ తీసేటప్పుడు వెనకున్న నువ్వు డ్రైవరన్నకు కనిపించవు బిడ్డా” అని, ఓసారి పక్కన నిలబెట్టి చూపించండి. మీరు లేకపోయినా ఆ మాట వాడితో ఉంటుంది.

తప్పుకు ఫలితం ఉండాలి, బెదిరింపు కాదు. నీళ్లు ఒలకబోస్తే తనే తుడవాలి. ఫోన్ టైమ్ అయిపోతే అయిపోయినట్టే. ఏడుస్తాడు. ఏడవనివ్వండి, పక్కనే కూర్చోండి. ‘ఏడుపొచ్చింది, కాసేపటికి తగ్గింది, అమ్మ ఎటూ పోలేదు’. గుండె ధైర్యం ఇలాగే కొంచెం కొంచెంగా వస్తుంది.

అన్నిటికన్నా కష్టమైంది, పిల్లలు తప్పు ఒప్పుకున్న మొదటి ఐదు నిమిషాలు. అరవాలనిపిస్తుంది. ఆగి, “చెప్పి మంచి పని చేసినవ్. ఇప్పుడేం చేద్దాం?” అనండి. క్లాసు తర్వాత పీకొచ్చు.

షిఫ్టు చేసి అలిసిపోయి వచ్చిన రోజు నోరు జారుతుంది. అందరం మనుషులమే. అరిచేశారా? పడుకునే ముందు “పొద్దున అట్ల అరవకుండ ఉండాల్సింది, సారీ నాన్నా” అనండి. మీ విలువేం తగ్గదు.

అడవిలో పులిని మనం ఆపలేం. కానీ ఏ పులి ఎదురైనా పిల్లలు పరుగెత్తుకొచ్చేది మన దగ్గరికే అయ్యుండాలి. మనల్ని చూసే వాళ్లు దాక్కునేలా చేసుకోవద్దు.